కుంచం

జూన్ వచ్చిందంటే మా కొట్టుకి జ్వరమే.
నల్లవంతెన దిగగానే, పంక్చర్ల షాపు పక్కన,
పెద్ద చదువులన్నీ ఇక్కడికొచ్చే అట్టలు తొడుక్కుంటాయి.
వ్యవసాయానికి పచ్చ కాలికో, వైద్యానికి ముదురెరుపు,
న్యాయశాస్త్రానికి నలుపు.
అర్థశాస్త్రం కుర్రాడు మాత్రం
"ఏదైనా పర్లేదండి, చవగ్గా" అన్నాడు.
నీలం వేశాను.

లోపలంతా ఇంగ్లీషు. నాకు పేజీ నంబర్లు చాలు.
కానీ వెనక, అనుబంధాల దగ్గరికొచ్చేసరికి
దారం లాగే చెయ్యి ఆగిపోతుంది.
అక్కడ మన తెలుగుంటుంది,
ప్రశ్న తల దువ్వుకుని,
జవాబు బురదకాళ్ళతో.

పచ్చదాంట్లో ఆమె ముప్ఫై ఒకటో రైతు.
నీలందాంట్లో కుటుంబం సంఖ్య నూట నాలుగు.
నల్లదాంట్లో కౌలుదారు, పత్రం లేదు.
ఎర్రదాంట్లో స్త్రీ, యాభై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ.
పేరు ఎక్కడా రాయలేదు. అది వాళ్ళ నీతి, మంచిదే.
కుంచాన్ని మాత్రం దాచలేకపోయారు.

తుమ్మమెరకలో ఇంకా కుంచాలతో మాట్లాడే మనిషి
మా మేనత్త వరహాలమ్మ ఒక్కతే.
"అరెకరం మీద రెండు కుంచాలు చేస్తన్నానండి."
"తాలు పోను ఏడు కుంచాలు తగ్గిందండి."
"రాత్రేళ కుంచెడు నొప్పండి, కొలిచి పోసినట్టు."

పచ్చదాని పిల్ల దాన్ని కిలోల్లోకి మార్చింది.
నీలం కుర్రాడు రూపాయల్లోకి.
నల్లకోటు సెంట్లలోకి మార్చి, కింద చిన్నచ్చులో
'సరిహద్దులు నోటిమాటే' అని చేర్చాడు.
డాక్టరమ్మ చాలాసేపు ఆలోచించే ఉంటుంది,
పదికి ఏడు వేసింది.

ఎవరి లెక్కా తప్పు కాదు.
ఆ పచ్చదాని పిల్ల మూడు వేసవులు గట్లమీదే గడిపింది,
రొయ్యల చెరువు నుంచి ఉప్పు
ఏడాదికి ఎన్ని బారలు నడిచొస్తుందో
సీసాల్లో పట్టుకెళ్ళింది.
"గట్టిగా కుట్టండన్నయ్యా" అంది ఇచ్చేటప్పుడు,
పసిబిడ్డని అందించినట్టు.

మొన్న సాయంత్రం, వానకి ముందు ఈదురుగాలి.
కుట్టని కట్టలు నాలుగూ లేచి
గచ్చంతా పరుచుకున్నాయి.
కరెంటు లేదు. ఫోను లైటు పళ్ళతో పట్టుకుని
మోకాళ్ళ మీద ఏరుతుంటే,
ఒకరి పేజీ ఆగినచోట ఇంకొకరి పేజీ అందుకుంది:

"ఉప్పు సంగతి భూస్వామికి చెప్పారా అమ్మా?"
"చెబితే చేను ఇంకోళ్ళకిచ్చేస్తారండి, కాయితం లేదుగా."
"మరి అప్పెలా తీరుస్తున్నారు?"
"ఆ నీళ్ళలోనే నిలబడండి. కాళ్ళు రసి కారతన్నాయి."

నలుగురు అడిగారు, నాలుగు ఋతువుల్లో,
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.
అత్త మాత్రం
ఒక్క గుక్కలో చెప్పినట్టే ఉంది.

కరెంటొచ్చింది. నంబర్ల ప్రకారం సర్దాను,
ఎవరి వరస వాళ్ళకి.

బుధవారం ఆస్పత్రి చీటీ పట్టుకుని అత్త వచ్చింది.
స్టూలు మీద కూర్చుని
పుస్తకాలు ఒక్కొక్కటే అరచేత్తో ఎత్తి చూసింది,
విత్తనం బరువు చూసినట్టు.
"నా మోకాళ్ళు ఎందులో ఉన్నాయిరా?"
ఎర్రదాంట్లో.
"చేను?"
పచ్చదాంట్లో.
"మరి నేను చేలో నిలబడ్డది?"

బంక కుంచె చేతిలోనే ఎండిపోయింది.
బయట రాజోలు బస్సు హారన్.
"పోన్లే, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అంటూ
గోడ పట్టుకుని లేచింది.

ఆ రాత్రి నల్లదాని కాగితం ఒకటి
ఎర్రదాంట్లో పెట్టి కుట్టేశాను.
నూట పన్నెండు తర్వాత మళ్ళీ నూట పన్నెండు.

తప్పే.
ఇంకా ఎవరూ పట్టుకోలేదు.