కుదురు

బురుజు ఊడ్చే పనికి కుదిరాను నేను.
కార్లోఫోర్తె రేవుకి పైన, రాతిగుట్ట మీద,
పగలు పావురాలు, రాత్రి ఇల్లారియో.
కప్పు చీలిక తెరిచి, కుంపటైనా లేకుండా
దూరదర్శిని కింద మెడ వాల్చి కూర్చునేవాడు.
వెచ్చదనం ఉంటే గాలి కదులుతుందట,
గాలి కదిలితే చుక్క కదులుతుందట,
చుక్క కదిలితే ఆ తప్పు భూమి మీదికి పోతుందట.

ఇంత చలిలో ఏం పట్టుకుంటున్నావని అడిగాను.
"భూమి తూలడాన్ని," అన్నాడు.
నవ్వొచ్చింది. మా దీవిలో తూలేవాళ్లకి కొదవా,
ట్యూనా వేట ముగిసిన రాత్రి రేవు రేవే తూలుతుంది.

ఆయన నవ్వలేదు. నా నెత్తి మీది కుండ చూపించాడు.
"ఒర్సోలా, నువ్వు మెట్లెక్కుతుంటే
కుండ నిటారుగానే ఉందంటావు.
లోపలి నీళ్లు ఒప్పుకుంటాయా?
భూమీ అంతే. కింద చుట్టకుదురు లేని కుండ.
పద్నాలుగు నెలలకో చుట్టు,
మీ పడవ పట్టేంత వలయం గీసి
ధ్రువం మళ్లీ ఇంచుమించు అక్కడికే వస్తుంది.
ఆ ఇంచుమించుకే నాకు జీతం."

ఇంకో పెద్ద తూలుడు ఉందట,
ఒక్క చుట్టుకి ఇరవయ్యారు వేల ఏళ్లు.
ధ్రువనక్షత్రం కూడా ఆ కుర్చీలో కొన్నాళ్లేనట.
మా సరంగులకి చెప్పకు, అన్నాను.
"అది నా ఖాతాలోది కాదులే," అన్నాడు.

నాకు లెక్క నేర్పింది చేపలు.
వలగదిలో దూరిన ప్రతి ట్యూనాకీ తాడుకో ముడి,
చీకట్లో వేళ్లతో తడిమి మొత్తం చెప్పగలను.
అందుకే మొదట చూసింది నేనే:
ఫిబ్రవరిలో, మర తిప్పుతుంటే ఆయన బొటనవేలు
దేన్నో లెక్కపెడుతున్నట్టు కొట్టుకుంది.
"చలి," అన్నాడు.
మార్చిలో చలి. ఏప్రిల్‌లోనూ చలే.
జూన్ వచ్చింది. అఖాతం ఎర్రబడిన వారం,
అర్ధరాత్రి దాటినా చొక్కా ఒంటికి అంటుకునే ఉక్క.
రసమట్టంలో బుడగ కదలకుండా కూర్చుంది.
దాని పక్కనే ఆయన చెయ్యి.
ఇద్దరం చూశాం.
చలి అని ఎవరమూ అనలేదు.

ఆ రాత్రి నుంచి కన్ను ఆయనది, చెయ్యి నాది.
నడినెత్తికి ఉత్తరాన ఒక చుక్క, దక్షిణాన దాని జంట,
రెంటికీ మధ్య వెంట్రుకంత తేడా.
"ఇంకాస్త... ఇంకాస్త... చాలు."
ఇదే జంటని, ఇదే అక్షాంశం గీత మీద
జపాన్‌లో మిజుసావా అనే ఊళ్లో ఎవరో
మనకంటే ముందే కొలిచి పడుకుని ఉంటారని చెప్పేవాడు.
వాళ్ల చేతులు ఎలా ఉన్నాయో
అని మాత్రం అనేవాడు కాదు.

శరత్కాలంలో పెద్ద ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది:
ఈ మధ్య మీ కొలతల్లో చెదురు బాగా తగ్గింది, అభినందనలు.
రెండుసార్లు చదివాడు.
అప్పుడు నవ్వాడు, నా కుండ జోకుకి బాకీ పడ్డ నవ్వు,
బల్ల మీద సిరాబుడ్డి గిలగిల్లాడేదాకా.
పుస్తకంలో జూన్ నుంచి
ఏడుకి నడుం మీద అడ్డగీత ఉండదు.
ఎవరూ అడగలేదు.

చారు తాగేటప్పుడు మణికట్టు పట్టుకునేదాన్ని.
పట్టుకుంటే ఆగదు, నా చేతిలోకి ఎక్కుతుంది.
క్షణానికి నాలుగు, ఒక్కోసారి అయిదు.
పద్నాలుగు నెలలు ఆగే ఓపిక దానికి లేదు.

పడవెక్కి వెళ్లిపోయే ముందు రాత్రి
ఆకాశం మూసుకుపోయింది.
నేను కలం తీశాను. "ఇవాళ్టిది నేను రాస్తా," అన్నాడు.
ఒక్క మాట. మబ్బు.
రాయడానికి చాలాసేపు పట్టింది,
గీతకి పైకి లేచి, కిందికి దిగి,
పేజీ అంచు దాకా పోయింది.

అచ్చయిన పట్టికలో ఆ తేదీకి ఎదురుగా
ఖాళీ గడి ఉంటుంది.