వంద వాట్ల డప్పు

కాలిపోయిన బోరు మోటర్లు చుట్టేదాన్ని నేను.
మట్టెవాడ సందుల మూడో షట్టరు.
ఎండకాలమంత రాగితీగె, వార్నిషు వాసన.
వానలు పడ్డంక చేతులు ఖాళీ.

ఆ ఖాళీ ఆషాఢంల
నక్కలగుట్ట హోటలు సేటు
ఒక పెండ్లి బ్యాండును ఆటోల తెచ్చి
నా గడప ముందట పోసిండు.
పాత సామాన్ల దుకాన్ల
ఇత్తడి లెక్కన తూకమేసి కొన్నడట:
పెద్ద బాకా మూడు కిలోల ఏడు వందలు,
చిన్నయి రెండు కలిపి రెండున్నర,
క్లారినెట్టు కర్రది గనుక కొసరు.

"లైట్లు చెయ్యాలె అక్కా, పదకొండు.
కొత్తయి కావాలె, పాతగ కనవడాలె."

డ్రిల్లు ఆనంగనె బాకా అరిచింది.
ఊదినోని నోట్ల కూడ
గంత గట్టిగ అరిచిందో లేదో.
వంపులకెల్లి పచ్చటి చిలుము రాలింది,
చిలుముతోని
పసుపు ఎండిన మూడు తలంబ్రాలు.
ఏ పందిరియో, ఎవల దోసిల్లకెల్లి ఎగిరినయో!
నూకలు గావు, నిండు గింజలు.
పారెయ్య మనసొప్పలె.
స్క్రూల డబ్బల ఏసిన.

క్లారినెట్టుల సన్నబల్బు పెడితె
రంధ్రాలకెల్లి వెలుతురు
చుక్కలు చుక్కలుగ గోడ మీద పడ్డది.
పని నేర్సుకునే యాకూబు
ఒక్కొక్క చుక్కను వేలితోని మూసుకుంట
"గిదేనా అక్కా సరిగమ?" అన్నడు.
నాకేమెరుక.
నాకు తెల్సిన రాగం
బాగైన మోటరు ఝుమ్ముమనుడొక్కటే.

పదైనయి.
పదకొండోది తూకం మీదికెల్లి రాలె,
ధర్మసాగరం కొంరెల్లి చంకల
బస్సెక్కి వచ్చింది.
డప్పు.
ఎంతిస్తరని ఆయన అడుగలె.
వణికే కుడిచెయ్యిని ఎడమచేత్తోని పట్టుకొని
స్టూలు మీద కూసున్నడు.

సేటు చెప్పినట్టె వెనక ఎల్‌ఈడీ బిగించిన.
తోలంత తెల్లారింది.
మేక నరాలు
ఎండిన వాగు పాయల లెక్క కనవడ్డయి.
అంచు కాడ ఒక గీత,
బతికున్నప్పుడు ఏ తుమ్మకంపనో గీరింది,
గాయం మాని ఉన్నది.
నాకైతె ముద్దొచ్చింది.

కొంరెల్లి లేచి
జరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు
అరచెయ్యి ఆనించిండు.
"సల్లగున్నది బిడ్డా.
ఎన్ని పాడెల ముందట, ఎన్ని బోనాల ముందట
వరిగడ్డి అంటువెట్టి దీన్ని కాపిన!
సెగ తగలంది ఇది పలుకది.
ఉత్త వెలుగిస్తె ఏం జేసుకుంటది?"

వేడి బల్బులు ఇప్పుడెవలు అమ్ముతున్నరు?
స్టేషన్ రోడ్డు తిరిగిన, అండర్ బ్రిడ్జి తిరిగిన.
కాజీపేట చౌరస్తల ఒక ముసలాయన
అటకెక్కి, దగ్గుకుంట దిగి,
వందవి రెండే మిగిలినయన్నడు.
రెండూ తెచ్చుకున్న.
తోలు కాలకుండ జానెడెడంల ఒకటి పెట్టిన.
సేటుకు చెప్పలె.
కరెంటు బిల్లు చూసి ఫోన్ జేస్తడు, చెయ్యనీ.

హోటలు తెరిచిన నాడు నన్ను పిలిచిన్రు.
కొంరెల్లిని పిలువలె.
బాకాల కింద బిర్యానీలు తింటున్నరు,
క్లారినెట్టు
చేతులు కడిగే కాడ అద్దానికి వెలుగిస్తున్నది.
డప్పు గల్లా పక్కన, మనిషి ఎత్తుల.
అందరు దాని ముందట నిలవడి
ఫొటోలు దిగిన్రు.
గంటైంది, రెండు గంటలైంది.
ఈ పాటికి తోలు గుంజుకొని బిగిసి ఉంటదని
ఆ హాలుల నాకొక్కదానికే ఎరుక.
నేను తింటలేను, చూస్తున్న.

ఎంగిలి గ్లాసులెత్తే పిలగాడు
ట్రే తోని మలుగుతుంటె
మోచెయ్యి తాకింది.

ఖంగుమన్నది.

బుక్కలు నోటి కాడ ఆగినయి.
ఎవల సావో పోతున్నదని
కిటికీలకెల్లి రోడ్డు దిక్కు చూసిన్రు.
రోడ్డు మీద వాన తప్ప ఏం లేదు.
పిలగాడు భయపడి సేటు మొఖం చూసిండు.

నేను బల్బు దిక్కు చూసిన.
మాడుతది ఏదో ఒకనాడు.
ఇంకొకటున్నది,
నా షట్టరుల, స్క్రూల డబ్బ పక్కన,
అట్టముక్కల చుట్టి.