తువ్వాల కింద

మా ఊరి చరిత్ర ఎవరూ రాయలేదు.
రాసుంటే
కుదరని బేరాలే ఎక్కువుండేవి అందులో.

మంగళారం సంత.
తెల్లారకముందే ఆస్పరి దోవన ఎద్దులొస్తాయి,
ఇప్పుడు లారీల్లో, నిలబడి, నిద్ర మొగాలతో.
దిగగానే నేల వాసన చూసి
ఊరేదో తెలిసినట్టు తలాడిస్తాయి.

మా జేజినాయన హుసేనప్ప దలాలి.
భుజమ్మీద ఎర్రంచు తువ్వాల.
దాని కింద రెండు చేతులు కలిస్తే
పైన రెండు మొగాలు వాన గురించి మాట్లాడుకునేవి.
ఒక వేలు పట్టుకుంటే ఒకటి,
అయిదూ పట్టుకుంటే అయిదు.
వందలో వేలో
ఎద్దును చూసి తెలుసుకోవాల.
నోటితో ధర చెబితే
ఎద్దు సిగ్గుపడుతుందనేవాడు.

ఊరు పుట్టింది రాజు వల్ల కాదు, దేవుని వల్లా కాదు.
ఉప్పుబండి ఇరుసు ఇరిగి ఎవరో ఒకాయన
ఇక్కడ మూడు రాత్రులు పడుకున్నాడంట.
మూడో రాత్రి ఒకామె జొన్నరొట్టెలు తెచ్చి అమ్మిందంట,
ఉల్లిగడ్డకు వేరే దుడ్డు అడిగిందంట.
అంతే. అదే మా శాసనం.
రాతి మీద లేదు గాబట్టి ఎవరూ చెరపలేకపోయినారు.

ధాత కరువులో గింజ లేని సంత కూడా జరిగిందంట.
తక్కెడలు తెచ్చి, ఖాళీగానే ఎత్తి,
ముల్లు నడిమధ్య నిలబడేదాకా చూసి
ఇండ్లకు పోయినారంట.
ఇది నేను నమ్మను.
కానీ మావోళ్లు చేసే పనే.

తర్వాత పత్తి. జిన్నింగు మిల్లు.
సైరనుకు ఊరు లేచేది, సైరనుకే వండుకునేది.
ఖాసింబీ, ఈడిగ తిమ్మక్క, బోయ నాగలచ్చుమి
పొద్దుగూకి గేటు దాటితే
తలలనిండా దూది—
ముగ్గురూ ఒకే వయసు ముసలమ్మలు.
మిల్లు మూతపడినాక
పొగగొట్టంలో పావురాలు కాపురం పెట్టినాయి.
బాడిగ కట్టకుండా మా ఊర్లో ఉండేది అవొక్కటే.

పిసినారి ఊరు మాది, దాచేదేముంది.
ఒక టీ చెప్పి ఇద్దరు తాగుతాం,
రెండో గ్లాసులో తక్కువైందని కొట్లాడతాం.
పీర్ల గుండానికి కట్టెలు తోలేటప్పుడు మాత్రం
ఎవురూ లెక్క అడగరు.
ఎందుకో అడిగినాను ఒకసారి.
జేజినాయన తువ్వాల దులిపి ఇంకో భుజమ్మీదేసుకున్నాడు.

ఇప్పుడు ధరలు ఫోన్లో వస్తాయి,
అందరికీ కనపడేటట్టు, పైసలతో సహా.

ఆదోని ఆసుపత్రిలో, చివరి వారం,
దుప్పటి కింద నా చెయ్యి వెతుక్కొని
మూడు వేళ్లు పట్టుకున్నాడు.
మూడు ఏందో.
మూడు వందలో, మూడు రాత్రులో,
పాత బాకీయో.
గట్టిగా పట్టుకుని నా మొగం చూస్తున్నాడు,
జవాబు రావాల్సినోని మాదిరి.

నాకు ఆ లెక్క రాదు.
నాలుగో వేలు కూడా అందించి
ఆలూరు పక్క మబ్బు పట్టింది జేజినాయనా,
ఈ రాత్రికి పడేటట్టుంది, అన్నాను.