తూకం

పాలమూరు టేషన్‌ల పాత రైళ్ల పండుగ.
మీటర్‌గేజ్ ఇంజనుకు కొత్తగా నల్లరంగు ఏసిండ్రు,
ముట్టుకుంటే వేలికంటుతున్నది.
కూత పెట్టమని పిల్లలది ఒకటే లొల్లి.

మా ఉసేనమ్మత్త ఇంజను దిక్కే చూడలే.
పార్సిలాఫీసు కాటా కాడ ఆగింది.
"గిదే. కరువేడు బొంబాయికి పోతుంటే
గడ్డపార, తట్ట, జొన్నపిండి మూట
అన్నీ జోకిండు బాబు.
మూడు రూపాయలు ఎక్కువ కట్టుమన్నడు.
చంకల పిల్లను మాత్రం జోకలే."

ఏ పిల్లని నేనడగలే.
నాకు తెలిసి
ఆమెకిద్దరూ కొడుకులే.

ముట్టొద్దని అట్ట కట్టిన తాడు కిందికెల్లి దూరి
చెప్పులిడిసి
కాటా మీద నిలబడ్డది.
తుప్పుపట్టిన ముల్లు కదల్లే.

కాపలా పోరడు అటు తిరిగి
టీ తాగుతున్నడు,
చానాసేపు.