పెన్సిల్ రోస్టర్

గుంటూరు పెద్దాసుపత్రి, పిల్లల వార్డు.
డ్యూటీ గదిలో బీరువా తలుపుకి అంటించిన రోస్టర్‌లో
అందరి పేర్లూ పెన్నుతో,
నాది మాత్రం పెన్సిల్‌తో.

కాన్పయి ఆర్నెల్లకి తిరిగొచ్చాను.
నా బ్యాచ్ వాళ్లు ఫైనలియర్‌కి వెళ్లిపోయారు.
నిన్నమొన్న నా దగ్గర నరం వెతకడం నేర్చుకున్న జిలానీ
ఇప్పుడు నా పక్క కుర్చీ.
"మేడమ్" అనాలో "సలోమీ" అనాలో తేలక
"ఏవండీ" అన్నాడొకరోజు.
సెలైన్ సీసాలతో సహా వార్డంతా నవ్వింది.

రూల్స్ పుస్తకంలో సగం డ్యూటీ అనే మాట లేదు.
మూడేళ్లంటే మూడేళ్లు, రాత్రంటే రాత్రి.
పెద్ద మేడమ్ ఆ పుస్తకం మూసి
కొప్పులోంచి పెన్సిల్ లాగింది.
"మంగళ, శుక్ర నైట్లు జిలానీవి. అతని ఓపీలు నీవి.
పరీక్ష వచ్చే బ్యాచ్‌తో.
ఎవరైనా అడిగితే చెరిపేస్తా, నాకేం తెలీదంటా."

మిర్చియార్డు నిండిన నెలలు.
గాలే గొంతులో గుచ్చుకుంటుంది.
నెబులైజర్ మాస్కుల వెనక ఉబ్బసం పిల్లలు,
ఒక్కో పక్కెముక ఎగిరెగిరి పడుతుంటే
లెక్కపెడుతూ నేను.
ఎవరి బిడ్డ ఏడ్చినా తడిసేది నా కోటే.
స్టాఫ్ ఫ్రిజ్‌లో నా స్టీలు డబ్బా మీద
కరుణమ్మ సిస్టర్ చీటీ:
"సలోమిగారి పాలు. టీలో పోయొద్దు."

గురువారం ఓపీకి ప్రత్తిపాడు నుంచి నాగేంద్రం వచ్చింది.
"పది నెలలొచ్చినా కూర్చోడు డాక్టరమ్మా,
మా తోటికోడలి పిల్ల నిలబడుతోంది."
ముప్ఫై వారాలకే పుట్టినవాడు.
ముందొచ్చిన పది వారాలూ తీసేసి లెక్కేస్తే
ఏడున్నర నెలలే.
చార్టులో చుక్కని వెనక్కి జరిపాను,
గీతల మధ్యకి వచ్చి పడింది.
"తొందరపడి వచ్చాడు కదా, వాడి టైము వాడికియ్యాలి"
అని రోజూ చెప్పేదే చెప్పాను,
చెప్పి, పెన్ను మూత పెట్టలేకపోయాను.

ఆమె కొంగుతో వాడి చొంగ తుడుస్తూ అడిగింది:
"తీసేసిన ఆ పది వారాలు మరి
ఎవరి పద్దులో రాస్తారమ్మా?
నేనైతే రాత్రీ పగలూ మోశాను."

తర్వాతి టోకెన్ పిలిచాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ రోస్టర్ చూశాను.
జిలానీకి జ్వరమట, మళ్లీ మార్చారు.
రాసి చెరిపి, రాసి చెరిపి
శుక్రవారం గడిలో కాగితం పల్చబడిపోయి
లోపల బీరువా పచ్చరంగు కనిపిస్తోంది.