వెనకవైపు లెక్క

అట్టపెట్టెలో పదకొండు ఫ్లాపీలు.
లేసు కంపెనీ పాత బీరువాలోవి.
తొంభయ్యారు తుపానుకి కింది అర దాకా నీళ్లొచ్చాయట,
పై అరలో ఉన్నాయి గనక ఇవి బతికాయట.
"మా తాతగారి డిజైన్లండి, ఇటలీవాళ్లు అడుగుతున్నారు"
అన్నాడు ఉదయశంకర్,
కారు తాళం నా కౌంటరు మీద తిప్పుతూ.
ఏ ప్రోగ్రాంతో రాశారో ఎవరికీ తెలీదు.
రాసినాయన శనివారాలు కాకినాడ నుంచి వచ్చేవాడు,
పేరు ఏదో రాజు, లావు కళ్లజోడు.
ముసలి గుమాస్తాకి గుర్తున్నది అంతే.

వలంధర రేవుకెళ్లే దారిలో నా కొట్టు.
జెరాక్సు, రీచార్జి,
చచ్చిన హార్డుడిస్కులకి దినకార్యాలు.
పాలకొల్లు పాత ఇనప సామాన్లలో
మూడు పాడు డ్రైవులు కొని, విప్పి, ఒకటి చేశాను.
స్పిరిట్టు దూదితో బూజు తుడిచాను
చంటిదాని చెవి తుడిచినట్టు.

మొదటి రాత్రి నాలుగు పోయాయి.
ఐదోది కర్‌ర్‌మంది, ఆగింది, మళ్లీ కర్‌ర్‌మంది.
ఒక్కో ముక్కనీ ఇరవైసార్లు అడిగాను.
ఇరవయ్యొకటోసారి చెప్పింది, కొన్ని.

చెప్పింది గానీ, ఏ భాష?
తెర నిండా చుక్కలు, తోకలున్న అక్షరాలు,
మధ్యలో నవ్వే మొహం ఒకటి, పక్కన ఇస్పేటు,
పేకాటలో ఓడినవాడి కలలాగా.
ముప్పై రెండు గళ్లకోసారి ఏదో తిరిగొస్తోంది,
అంతవరకే పట్టుకున్నాను.
అంకెలు మాత్రం నమ్మేలా లేవు:
మూడువేల ఐదువందల ఎనభై నాలుగు,
రెండువేల ఎనిమిదివందల పదహారు.
దేన్ని? ఎవరు? ఎందుకు?

ఆధార్ జెరాక్సుకని వచ్చింది
రాయపేట కొల్లాబత్తుల సువార్తమ్మ.
అప్పుడే కరెంటు పోయింది.
యూపీఎస్ మీద నా తెర ఒక్కటే వెలుగుతోంది.
సంచిలోంచి దారం, కొంకి సూది తీసి
బల్ల మీద కూర్చుని అల్లుకుంటోంది.
"ఏంటి బాబూ, దానికేసి అలా చూత్తన్నావు?"
"లెక్క కుదరట్లేదమ్మా."
చేతిలో పువ్వుని తిరగేసి చూపించింది.
"మాకు లెక్క తప్పితే ఎనకమాల్నించి చూత్తాం.
ముందేసిన ముడి అటేపే కనపడుద్ది."

ఎందుకో రెండేసి గళ్లు తారుమారు చేశాను.
చిన్న స్థానం ముందు, పెద్దది తర్వాత.
మూడువేల ఐదువందల చిల్లర
పద్నాలుగై కూర్చుంది.
దాని పక్కది పదకొండు.
కింద తొమ్మిది, ఏడు. ఇరవై, పదహారు.
ఎడమ పక్క ఇంగ్లీషక్షరాల్లో పేర్లు,
పొడుగు చాలకపోతే ఖాళీలతో నింపి:
సువార్త కె. మంగతాయారు. ఎస్తేరు.

డిజైను ఒక్కటీ లేదు.

తెచ్చిన డజన్లు ఒక గడి, డబ్బు కట్టిన డజన్లు ఒక గడి.
ఆవిడకి చదువు రాదు, అంకెలొచ్చు.
పేరు నేను చదివాను, మిగతాది ఆవిడే చదువుకుంది.
సూది ఆగింది.
"ఆ మూడు డజన్లూ మాసిపోయాయని తీసేశారు" అంది.
"మాసిపోలేదని ఆ రోజే చెప్పాను."

మరి పక్కన పడేసినవాటిని
ఎందుకు లెక్కలో రాసుకున్నాడు, ఆ కళ్లజోడాయన?
చెప్పమన్నవాళ్లు చెప్పినట్టు రాశాడో,
ఎవరైనా ఎప్పుడైనా చూస్తారనే రాశాడో.

కరెంటొచ్చింది. ఆధార్ తీసిచ్చాను.
"అది కూడా తియ్యి" అంది, గడ్డంతో తెర చూపించి.
"ఇప్పుడు ఇస్తారంటావా?" అన్నాను.
అన్నాక సిగ్గేసింది.
"ఎస్తేరు పోయింది. దాని కూతురికి చూపిత్తాను."
రెండు కాగితాలకి నాలుగు రూపాయలు,
వద్దంటే వినకుండా, రూపాయి రూపాయీ నా ముందు లెక్కపెట్టింది.

రాత్రి ఉదయశంకర్ ఫోను.
"వచ్చాయా డిజైన్లు?"
లేసంటే ఏముందండీ, సందుల చుట్టూ దారమే కదా,
ఇవిగో సందులు, అనబోయాను.
"రాలేదండి" అన్నాను. అదీ నిజమే.

సఖినేటిపల్లి పంటు ఆఖరి ట్రిప్పుకి కూతేసింది.
ఇంకా ఆరున్నాయి.
ఒకటి తీసి డ్రైవులో పెట్టాను.
కర్‌ర్‌మంది.