లాభం, రెండు, మూడు

మా కిట్టంగిలో ఒకటి అనే అంకె లేదు.
రూపాయలైనా వడ్లబస్తాలైనా
లాభం, రెండు, మూడు అనే లెక్కపెట్టాలి.
ఒకసారి నోరుజారి "ఒకటి" అన్నాను.
అడైక్కప్పన్ అయ్య తలెత్తకుండానే
కలం తిరగేసి నా మెటికల మీద ఒక్కటిచ్చాడు.

ప్యాపోన్ ఊళ్లో,
ఐరావతి నడిచీ నడిచీ బురదలో చతికిలబడే చోట
చాపమీద పెట్టె, పెట్టె ముందు అయ్య,
పక్కన పదకొండేళ్ల నేను,
పైన పటంలో మురుగన్.
ఆవర్జాలో మొదటి ఖాతా ఆయనదే.
దేవుడికి పైసాతో సహా వడ్డీ కట్టేవాళ్లం.

మనుషుల చేత కట్టించుకునేవాళ్లం.

ఒక ముసురురోజు మాసేన్ వచ్చింది
చెంపల నిండా తనఖా పూసుకుని.
అది వాళ్ల ఊరి గంధం.
మిల్లులో బస్తాలు మోసే కోరంగి తెలుగువాళ్లు
తమ భాషలో ఆ మాటకు అర్థం చెప్పి
పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వాను.
ఆమె దుద్దులు రెండూ తీసి త్రాసులో వేసింది.
చెవుల చిల్లుల్లోంచి
వెనకున్న వాన కనిపించింది.

బాంబులు పడ్డ ఏడాది నడిచొచ్చాం.
ఇనప్పెట్టెను మోయలేక పుస్తకాలు మోశాం.
టమూ దాటకముందే అయ్యకు వాంతులు.
నీళ్లడగలేదు,
ఈ నెల వడ్డీ ఎంత ఖాయం చేశారని అడిగాడు.
రంగూన్ గుడిలో పెద్దలు కూర్చుని తేల్చే మాట,
అడవిలో ఎవరు చెబుతారు?
"నూటికి అర్ధరూపాయి" అన్నాను, నోటికొచ్చింది.
సరే రాసుకో, అన్నాడు.
అంతే.
వెదుళ్ల కింద ఆయన్ని వదిలి
పుస్తకం నెత్తిన పెట్టుకున్నాను.

ఇప్పుడు కారైక్కుడి పాతసామాన్ల బజారులో
మా బర్మాటేకు తలుపులు
చెక్కిన లక్ష్మితో సహా అడుగుల లెక్కన అమ్ముతున్నారు.
మొన్నొకడు పుస్తకం అడిగాడు,
హోటలు గోడకు అందంగా ఉంటుందట.
ఇవ్వలేదు.

నూట పన్నెండో పుట.
మాసేన్. దుద్దులు జత. యాభై రూపాయలు బాకీ.
అయ్య చెబుతుంటే రాసిన నా కోడిగీతలే.
దుద్దులు ఆ ఇనప్పెట్టెలో,
పెట్టె ఎవరి చేతిలో పడిందో.
రాత్రి ఆ పద్దు కొట్టేసి
జమవైపు రాశాను,
మురుగన్ కింద, రెండో ఖాతాగా.
ఇక వడ్డీ కట్టాలి.
ఏ రేటున? ఎన్నేళ్లకు?
ఆ ఒళ్లోని చంటిదానికి పిల్లలుంటే ఏ ఊళ్లో?
వేళ్లు ముడుస్తూ మొదలుపెట్టాను.

ఒకటి, అన్నాను.
మెటికలు చివుక్కుమన్నాయి.